ఎదురుచూపు చీటీకి బొమ్మ ఎక్కడిది

1961 జనవరిలో నన్ను కంపోజింగ్ హాలు నుంచి బ్లాకుల గదికి మార్చారు. నెల్లూరులో మా ప్రెస్సు పెద్దదేమీ కాదు. రెండు ట్రెడిల్ యంత్రాలు, ఒక సిలిండర్ యంత్రం, పదకొండు మంది పనివాళ్ళం. శుభలేఖలు, నాటకాల కరపత్రాలు, బియ్యం మిల్లుల లేబుళ్ళు, బడులకు ప్రశ్నపత్రాలు వేసేవాళ్ళం. అక్షరాలు పేర్చడం ఒక పని, బొమ్మలు చూసుకోవడం వేరే పని. బొమ్మ అచ్చు పడాలంటే దానికి బ్లాకు ఉండాలి. ఫోటోలకైతే జింకు రేకు మీద బ్లాకులు మద్రాసులో చేయించి తెప్పించుకునేవాళ్ళం. గీతల బొమ్మలైతే గట్టి కొయ్య మీద మేమే చెక్కుకునేవాళ్ళం. ఆ చెక్కే పని నాకు అప్పగించారు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ గదిలోనే పనిచేసి, దగ్గరి చూపు బాగా తగ్గిపోవడంతో యాభై రెండో ఏట మానుకున్నాను.

ఈమధ్య సముద్రం ఒడ్డున ఉన్న మైపాడు వైపు నుంచి వచ్చిన ఒకాయన మాటల్లో చెంచురామయ్య జోస్యం చీట్ల సంగతి ఎత్తారు. వాటిలో ఒక చీటీ మీద ఉన్న ఆడమనిషి బొమ్మను ఎవరూ గీయలేదనీ, అది తనంతట తానే ఏర్పడిందనీ చెప్పారు. ఆయనకు వాళ్ళ నాన్న చెప్పాడట. ఆ బొమ్మ నేను చెక్కాను. ఎవరిని చూసి చెక్కానో, ఆ సంగతి ఎందుకు దాచానో ఇక్కడ రాస్తున్నాను.

చెంచురామయ్య ఆ ఏడాది మార్చిలో మా ప్రెస్సుకు వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి. వయసులో ఉండగా కాలువ పడవల మీద పనిచేశాడు. ఆ పడవలను గట్టు మీది నుంచి తాడు కట్టి లాగేవాళ్ళు. ఒకసారి ఆ తాడు చుట్టుకుని ఆయన కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. అప్పటి నుంచి చిలకను పెట్టుకుని మైపాడులో, ఇందుకూరుపేట సంతలో జోస్యం చెప్పుకుని బతుకుతున్నాడు. ఆ చిలక చచ్చిపోయింది.

మా ఫోర్‌మన్ దేవసహాయం గారు. ప్రెస్సులో యజమాని తరువాత ఆయన మాటే మాట. ఏ పని ఏ యంత్రం మీదికి వెళ్ళాలో, ఏ బ్లాకు వాడాలో ఆయనే నిర్ణయించేవారు. చర్చి పెద్ద కూడా. నవ్వకుండా పరిహాసం ఆడే అలవాటు ఉండేది.

"ఏమయ్యా, జోస్యం చెప్పేవాడివి. నీ చిలక పోతాదని నీకు తెల్వలేదా?" అన్నారు.

"చీట్లు తీసేది అదే గదా సామీ. దాని చీటీ యెవురు తీస్తారు?" అన్నాడు చెంచురామయ్య.

ఆయన అడిగిన పని మాకు కొత్తది. అప్పటిదాకా ఆయన వాడినవి క్యాలెండర్ల నుంచి కత్తిరించి అట్టకు అంటించిన దేవుళ్ళ బొమ్మలు. ఇక అవి వద్దన్నాడు. "దేవుడి బొమ్మ ముందర పెట్టుకోని, నీ తెప్ప మునిగిపోద్ది అని యెట్టా చెప్పేది సామీ? చెడు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా అబద్ధం ఆడతా ఉండా. చిలక పొయ్యినాక ఇంకోటి తెల్సొచ్చింది. జనం వచ్చినది దాన్ని చూసేదానికి, నా మాట వినేదానికి కాదు. ఇప్పుడు బొమ్మను చూసేదానికి రావాల." ఆయనకు ముప్పై రెండు చీట్లు కావాలి. ఒక్కొక్క దాని మీద సముద్రం ఒడ్డు మనిషి కళ్ళారా చూసిన వస్తువు ఒకటి ఉండాలి. ఏ చీటీకి ఏ అర్థమో ఆయనే పెట్టుకున్నాడు. చదువు రానందువల్ల అదంతా నోటితోనే అప్పజెప్పాడు, దేవసహాయం గారు కాగితం మీద రాసుకున్నారు.

దేవసహాయం గారికి జోస్యాల మీద నమ్మకం లేదు. అయినా ఆ పని ఒప్పుకున్నారు. వాళ్ళ చర్చిలో కొత్త సంవత్సరం నాడు బైబిలు మాట ఒకటి రాసిన వాగ్దానం చీటీ తలా ఒకటి తీసుకుంటారు. ఆ చీట్లు మా ప్రెస్సులోనే వేసేవాళ్ళం. "మా చీట్లలో చెడ్డ చీటీ ఉండదు. ఈయన చెడ్డవి కూడా కావాలంటా ఉండాడు. కష్టమైన పనే" అన్నారు నాతో.

బొమ్మలు సమకూర్చడం నా వంతు. ఇలాంటి పనికి ముందుగా చూసేది పాత బ్లాకుల బీరువా. ఏ ప్రెస్సులోనైనా ఇలాంటి బీరువా ఒకటి ఉంటుంది. మూతపడిన దుకాణాల ప్రకటనలు, ఆగిపోయిన సబ్బుల లేబుళ్ళు, పాత నాటకాల నోటీసులు, వాటి బ్లాకులన్నీ అందులో చేరతాయి. నాకు పదిహేడు బొమ్మలు అక్కడే దొరికాయి. గొడుగుల దుకాణం వాళ్ళ గొడుగు, మిల్లు లేబులు మీది వరికంకి, మందుల ప్రకటనలో పాము, శుభలేఖలకు వాడే దీపపు సెమ్మె, గడియారం, తాళంకప్ప, త్రాసు. తాళంకప్ప మీది కంపెనీ పేరు ఉలితో తీసేశాను. ఒక గుర్రాన్నీ ఒక కిరీటాన్నీ కూడా చూపించాను. "మా ఊళ్ళో గుర్రాన్ని యెవుడు చూసినాడబ్బయ్యా? కిరీటం వస్తే ఆడికి యేం చెప్పేది, రాజువయితావనా?" అని రెండూ పక్కన పెట్టించాడు చెంచురామయ్య.

మిగిలినవి కొత్తగా చెక్కాలి. రెండు ఆదివారాలు బస్సులో మైపాడు వెళ్ళి తెప్పలు, వలలు, తెడ్లు, సరుగుడు తోపు, ఎండుచేపలు పరిచిన ఇసుక గీసుకొచ్చాను. పద్ధతి ఇది. పల్చటి కాగితం మీద మెత్తటి పెన్సిలుతో గీస్తాం. ఆ కాగితాన్ని కొయ్య మీద బోర్లా వేసి వెనక నుంచి రుద్దుతాం. బొమ్మ కొయ్య మీద కుడి ఎడమలు మారి పడుతుంది. అచ్చు వేస్తే మళ్ళీ మారి సరిగ్గా వస్తుంది. అలా రుద్దినప్పుడు కాగితం మీది పెన్సిలు చాలావరకు పోతుంది, ఆ కాగితం ఇక దేనికీ పనికిరాదు. ఇసుక నింపిన తోలు తిత్తి మీద కొయ్యను పెట్టి, దాన్ని తిప్పుకుంటూ చెక్కుతాం. తిరిగేది కొయ్యే, ఉలి కాదు.

ఆఖరికి ఒక్క చీటీ మిగిలింది. ముప్పై ఒకటి వస్తువులూ జీవాలూ. ముప్పై రెండో దాని మీద మాత్రం మనిషి కావాలన్నాడు చెంచురామయ్య. గట్టున కూర్చుని దారి చూసే ఆడమనిషి. దానికి ఎదురుచూపు అని పేరు పెట్టాడు. అది వస్తే, పోయినవాళ్ళకు ఆలస్యం అవుతుందని, ఈ పూట కదలొద్దని అర్థం. అందులో చావు మాట లేదు. ఈ సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే తరువాత దాని అర్థం మారిపోయింది.

వస్తువులను నేను చూడకుండా కూడా గీయగలిగేవాణ్ణి. ముఖాలు చేతకాదు. ఊహించి గీస్తే నాటకాల నోటీసులో కథానాయిక లాగా వచ్చేది. నాలుగు కాగితాలు పాడుచేశాను. అప్పుడు పొన్నమ్మ కనిపించింది.

పొన్నమ్మది మైపాడు పక్కన చేపలు పట్టేవాళ్ళ పల్లె. తెప్పలు ఒడ్డుకు చేరగానే చేపలు కొని, ఎండబెట్టి, వారానికి రెండుసార్లు గంపతో నెల్లూరు వచ్చి అమ్మేది. నలభై ఏళ్ళుంటాయి. భర్తకు కాళ్ళు పడిపోయాయి, ఇల్లు ఆమె గంప మీదే నడిచేది. అమ్మకం అయిపోయాక, బస్సు వచ్చేదాకా మా ప్రెస్సు అరుగు మీద కూర్చునేది. గంప పక్కన పెట్టుకుని, ఎడమచెయ్యి మోకాలి మీద చాపి, గడ్డం కుడిచేతి మీద ఆనించి, బస్సు వచ్చే వైపే చూస్తుండేది. నాకు కావలసిన బొమ్మ సరిగ్గా అదే. కిటికీ లోపల నిలబడి రెండుసార్లు గీశాను. రెండోసారి తల తిప్పి చూసేసింది.

"యేందబ్బయ్యా, నన్ను చూసి రాస్తా ఉండావు? నేనేమన్నా తప్పిపొయ్యిన బర్రెనా, గుర్తులు రాసుకునేదానికి?"

ఏదో ఆఫీసు పని అన్నాను. నవ్వి మళ్ళీ రోడ్డు వైపు తిరిగింది.

ఆమె ఎడమ ముంజేతి మీద ఒక పచ్చబొట్టు ఉంది. మూడు చేపలు ఒకదాని తోక ఒకటి అందుకుంటూ గుండ్రంగా ఉంటాయి. మూడో చేపకు తోక లేదు. చిన్నప్పుడు పొడిపించుకుంటూ నొప్పికి చెయ్యి లాక్కుని పరుగెత్తిందట, ఆ తరువాత ఎవరూ దాన్ని పూర్తి చేయలేదు. ఇది ఆమె మా ట్రెడిల్ మనిషితో నవ్వుతూ చెబుతుంటే విన్నాను. తోక లేని ఆ చేపను గోరంత స్థలంలో చెక్కాను. ఇన్నేళ్ళలో నేను చెక్కిన వాటిలో అంత నాణ్యమైన పని ఇంకొకటి లేదు.

ఇక్కడ మా ప్రెస్సు ఆచారం ఒకటి చెప్పాలి. నాకంటే ముందు ఆ గదిలో పనిచేసినతను ఒక తలనూనె లేబులుకు పక్కవీధి ఇల్లాలిని, మేడ మీద జుట్టు ఆరబెట్టుకుంటుండగా చూసి చెక్కాడు. చెంప మీది పుట్టుమచ్చను బట్టి వాళ్ళ వాళ్ళు గుర్తుపట్టారు. లేబుళ్ళన్నీ తగలబెట్టవలసి వచ్చింది, అతన్ని పనిలోంచి తీసేశారు. అప్పటి నుంచి దేవసహాయం గారు ఒక నియమం పెట్టారు. బతికున్న మనిషిని చూసి చెక్కితే ముందు ఆయనకు చెప్పాలి. బొమ్మలో ఒక గుర్తు కావాలని మార్చాలి. పుట్టుమచ్చ తీసెయ్యాలి, ముక్కుపుడక రెండో వైపుకు మార్చాలి. చూసినవాళ్ళకు ఫలానా మనిషిలాగా ఉందే అనిపించవచ్చు, ఫలానా మనిషే అనిపించకూడదు.

నేను చెప్పలేదు. చెబితే పచ్చబొట్టు తీసెయ్యమంటారు. అది తీసెయ్యడం నాకు ఇష్టం లేదు. కారణం అంతకంటే పెద్దదేమీ కాదు.

ప్రూఫు చూసినప్పుడు దేవసహాయం గారు కళ్ళద్దాలు పైకి నెట్టి చాలాసేపు దాన్ని పట్టుకున్నారు. ఎవరిని చూసి గీశావని అడిగారు. ఎవరినీ చూడలేదని, ఊహించి గీశానని చెప్పాను.

"ఊహించి గీసేవాడు సగం చేప గియ్యడురా. చూసినవాడే గీస్తాడు" అన్నారు. అప్పటికే ఆఖరి విడతలో వేయాల్సిన ఎనిమిది బొమ్మలూ ఇనప చట్రంలో బిగించి, యంత్రం మీదికి ఎక్కించడానికి సిద్ధంగా ఉన్నాయి. చట్రం విప్పాలంటే సగం రోజు పని. ఆయన దాన్ని అలాగే వెళ్ళనిచ్చారు. మందపాటి అట్ట మీద నలుపు రంగులో వేశాం, రంగులు కుంచెతో అద్దాను, ఉప్పుగాలికి పాడవకుండా వార్నిష్ పూశాం. వెనకవైపు అన్నిటికీ ఒకే అంచు వేశాం. వెనక నుంచి చూసి ఇది ఫలానా చీటీ అని ఎవరూ పసిగట్టకూడదు కదా.

ఆరు నెలలు ఆ చీట్ల సంగతి నాకు తెలియలేదు. తరువాత తెలిసింది ఇది. తెప్ప నీళ్ళలోకి తోసేముందు చెంచురామయ్య దగ్గర ఒక చీటీ తీయడం ఆ పల్లెలో అలవాటయింది. కార్తీకంలో ఒక తెల్లవారుజామున ముగ్గురు మనుషులు తీస్తే ఎదురుచూపు వచ్చింది. ఈ పూట వద్దన్నాడు చెంచురామయ్య. చేపలు బాగా పడుతున్న రోజులు. నవ్వేసి వెళ్ళారు. ముగ్గురు పోతే ఇద్దరు వచ్చారు.

ఆ చీటీ మీది మనిషి పొన్నమ్మలా ఉందని అప్పటిదాకా పల్లెలో హాస్యానికి అనుకునేవాళ్ళు. ఆమె కూడా నవ్వేదట. ఆ తరువాత ఎవరూ నవ్వలేదు. దాన్ని పొన్నమ్మ చీటీ అనడం మొదలుపెట్టారు. చీటీ తీసి చూడటం ఎందుకు, మనిషే ఎదురుగా ఉంది కదా అన్నారు. ఆమె గంప పట్టుకుని ఒడ్డుకు వస్తే తోసిన తెప్పలను వెనక్కి లాగేవాళ్ళు. సరుగుడు చెట్ల వెనక కూర్చోమని, తెప్పలు వచ్చాక పిలుస్తామని చెప్పారు. పిలిచేసరికి చేపలు అయిపోయేవి. ఎండుచేపలు లేకపోతే ఆమెకు నెల్లూరు లేదు, ఇంట్లో పొయ్యి లేదు.

మార్గశిరంలో ఒక మధ్యాహ్నం పొన్నమ్మ ప్రెస్సుకు వచ్చింది. వెంట ఆ ఊరి పెద్ద ఏకాంబరం. దేవసహాయం గారు కాగితం బేళ్ళు విడిపించడానికి రైలు స్టేషనుకు వెళ్ళారు. ఏకాంబరం కోపంతో రాలేదు. చీటీని యజమాని బల్ల మీద పెట్టి, ఇది ఎక్కడిదో తెలుసుకునేదానికి వచ్చామని నెమ్మదిగా చెప్పాడు. యజమాని నన్ను పిలిపించారు.

పొన్నమ్మ తిన్నగా నన్నే అడిగింది.

"అబ్బయ్యా, ఆ దినం కిటికీలో నుంచి నువ్వు రాస్తా ఉంటివే. అది నన్నే గదా? నన్ను చూసే గదా గీసినావు? అవునని చెప్పు. నేనేమీ అనను నిన్ను."

యజమాని నా వైపు చూస్తున్నారు. నాకు తలనూనె లేబులు గుర్తొచ్చింది. కాదన్నాను. అది చాలా ఏళ్ళ కిందట మద్రాసు నుంచి వచ్చిన పాత బ్లాకు అనీ, బీరువాలో దొరికిందనీ, చేసినవాళ్ళెవరో మాకు తెలియదనీ చెప్పాను. అబద్ధమని తెలిసే చెప్పాను. కానీ ఆ అబద్ధం వల్ల ఆమెకు కూడా మేలే జరుగుతుందని అనుకున్నాను. ఎవరూ ఆమెను చూసి గీయలేదంటే, ఆమె మీద ఎవరికీ కక్ష లేనట్టే కదా, గొడవ అంతటితో ఆగిపోతుంది అనుకున్నాను.

ఏకాంబరం చీటీని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. చేపలను వేలితో తడిమాడు.

"మద్రాసులో యెవురో, ఈమెను యెప్పుడూ చూడనోళ్ళు, ఈ తోక లేని చేపతో సహా వేసినారా?"

బీరువాలో దొరికిందేనని మళ్ళీ అన్నాను.

"అయితే యెవురూ గియ్యలేదన్నమాట" అన్నాడు. చీటీని రెండు చేతులతో పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు.

పొన్నమ్మ నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఊరి పెద్ద ఒక కాగితం రాసివ్వమన్నాడు. సదరు బొమ్మ మా వద్ద పూర్వం నుంచి ఉన్న మద్రాసు బ్లాకుతో వేసినదనీ, ఏ వ్యక్తినీ చూసి తయారుచేసినది కాదనీ యజమాని చెప్పి రాయించి, సంతకం చేసి ప్రెస్సు ముద్ర వేశారు. వాళ్ళు వెళ్ళాక నేను బ్లాకుల గదిలోకి పోయి ఆ కొయ్యను తీసి, చిత్రిక పట్టి నున్నగా చేసేశాను. ఎవరైనా బ్లాకు చూపించమంటే కొయ్య కొత్తదని తెలిసిపోతుందని భయం.

సాయంత్రం దేవసహాయం గారు వచ్చి సంగతి విన్నారు. నన్ను బయటికి పిలిచారు. ఆయన అంత నెమ్మదిగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

"వాళ్ళు వచ్చింది ఎవుడో ఒకడు గీసినాడని వినేదానికిరా. మనిషిని చూసి మనిషి గీస్తే అది బొమ్మ. ఇప్పుడు నువ్వు దాన్ని దేవుడి రాత చేసినావు. రేపు పొద్దున్నే పొయ్యి చెప్పు."

ఆయనే తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే యజమాని దగ్గరికి వెళ్ళి, ఆ బ్లాకు కొత్తగా చెక్కిందేనని చెప్పారు. ముద్ర వేసిన కాగితం బయటికి వెళ్ళాక ప్రెస్సు మాట మార్చడం కుదరదని, ఈ సంగతి ఇంతటితో వదిలెయ్యమని యజమాని అన్నారట. నన్ను ఒక్క మాట అనలేదు. పనిలోంచి తీసెయ్యలేదు. నేను దేనికి భయపడి అబద్ధం చెప్పానో అది జరగనే లేదు.

మర్నాడు పొద్దున నేను వెళ్ళలేదు. యజమాని వద్దన్నారు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. దేవసహాయం గారు వారం రోజులు, పోయినావా అని అడిగారు. తరువాత అడగడం మానేశారు. నాతో మాట్లాడటం కూడా పని వరకే ఉంచుకున్నారు. పొన్నమ్మ మా అరుగు మీదికి మళ్ళీ రాలేదు.

1962 ఏప్రిల్‌లో వెళ్ళాను. అప్పటికి నాలుగు నెలలు దాటింది. ఏకాంబరం ఇంటి ముందు పందిట్లో పదిమంది దాకా ఉన్నారు. చెంచురామయ్య కూడా ఉన్నాడు. ఆయన మారిపోయాడు. ఎదురుచూపు చీటీని మిగతా వాటితో కలపకుండా పసుపుగుడ్డలో చుట్టి విడిగా పెట్టుకున్నాడు. మా కాగితం తెచ్చిన రోజు నుంచి తన చీట్లంటే తనకే భయం పట్టుకుందని ఎవరో చెప్పారు. ఉత్తరాన దూరంగా ఉన్న బోగోలు వైపు నుంచి కూడా జనం వెతుక్కుంటూ వస్తున్నారట.

అందరి ముందూ చెప్పాను. ఎక్కడ కూర్చుంటే గీశానో, ఎన్నిసార్లు గీశానో, చేప తోక సంగతి ఎలా తెలిసిందో అంతా చెప్పాను. ఏకాంబరం లోపలి నుంచి మా ప్రెస్సు కాగితం తెప్పించి నా ముందు పెట్టాడు.

"ముద్రేసి ఇచ్చినారు గదా. దీన్ని నమ్మాల్నా, నీ నోటి మాటనా?"

బ్లాకు ఏదని అడిగాడు ఇంకొకతను. చిత్రిక పట్టేశానన్నాను. గీసిన కాగితం ఏదన్నాడు. రుద్దేశాక పనికిరాదని పారేశానన్నాను. పొన్నమ్మ ఏడ్చి ఉంటాది, జాలిపడి వచ్చినాడు పాపం అన్నారు ఎవరో. ఆ మాట నన్ను మెచ్చుకున్నట్టే అన్నారు.

నేను చెంచురామయ్య వైపు తిరిగాను. తను అడిగితేనే కదా నేను చెక్కింది, తనకు తెలియదా అన్నాను. ఆయన అబద్ధమాడటం ఇష్టం లేని మనిషి.

"నువ్వే చెక్కినావేమో అబ్బయ్యా. నేను కాదనను. అయితే అరుగు మింద యెంతమంది ఆడోళ్ళు కూర్చోలేదు? ఆమెనే చెక్కాలని నీకు యెందుకు తోచింది? నీ చేత చెక్కించింది యెవురు?"

అందరూ తలలూపారు. మొదటి రోజు నేను అవునని ఉంటే ఈ ప్రశ్న పుట్టేదే కాదు. ఆ రోజు ఆయన చీట్ల మనిషి మాత్రమే. నాలుగు నెలల్లో నా అబద్ధం మీద ఆయన ఒక నమ్మకం కట్టుకున్నాడు. ఇప్పుడు నా నిజం కూడా వచ్చి అందులోనే కలిసిపోయింది.

పొన్నమ్మ సంక్రాంతికి ముందే ఊరు విడిచిందని చెప్పారు. బోగోలు దగ్గర ఆమె చెల్లెలి అత్తగారి ఊరు ఉంది. భర్తను బండి మీద పడుకోబెట్టుకుని అక్కడికి వెళ్ళిపోయింది. తరువాతి ఆదివారం నేను అక్కడికి వెళ్ళాను. అక్కడి ఒడ్డుకు కూడా ఆమె పేరు ఆమె కంటే ముందే చేరింది. చేపల జోలికి పోలేదు. వేరుశనగ చేలల్లో కూలికి వెళుతోంది. ఎడమ ముంజేతి మీద మోచేతి దాకా గుడ్డ చుట్టుకుని ఉంది. దెబ్బ తగిలిందేమో అనుకున్నాను. దెబ్బ కాదని మాటల మధ్యలో అర్థమైంది.

నేను చెప్పవలసింది చెప్పాను. నిన్ను చూసే గీశాను, ఆ రోజు అబద్ధమాడాను అన్నాను. ఆమె కాయలు ఒలుస్తూనే వింది.

"ఇది నాకు తెలీకనా అబ్బయ్యా? కిటికీలో నిన్ను చూసింది నేనే గదా. నాకు చెప్పేదానికి ఇంత దూరం వచ్చినావా? తెలవనోళ్ళు ఆ దినం నీ ముందరే నిలబడి ఉండారే."

మళ్ళీ మైపాడు వెళ్ళి అందరికీ చెప్పానని, నమ్మలేదని అన్నాను. మళ్ళీ వెళతానన్నాను. వద్దంది. చెంచురామయ్య మీద కూడా ఆమెకు కోపం లేదు. "ఆయన బొమ్మ అడిగినాడు, నన్ను అడగలేదు" అంది. తరువాత కాసిని కాయలు చేటలోంచి తీసి నా ముందు పెట్టింది. ఇంటికి వచ్చినవాడికి పెట్టాలి కాబట్టి పెట్టింది. నేను తిన్నాను.

ఆ తరువాత ఆమెను చూడలేదు. చెంచురామయ్య 1968 ప్రాంతంలో పోయాడు. చీట్లు ఏమయ్యాయో తెలియదు. దేవసహాయం గారు రిటైరయ్యే రోజున తన ఉలి నాకు ఇచ్చారు, కానీ ఈ విషయం ఎత్తలేదు.

బొమ్మ ఎక్కడిదని అడిగినవాళ్ళకు, అడిగిన రోజే జవాబు చెప్పాలి. ఆ రోజు దాటాక చెప్పే నిజం చెప్పినవాడి బరువు దించుతుంది, అంతే. రెండోది, పనితనం బాగుంది కదా అని ఎదుటి మనిషి గుర్తును వాడుకునే హక్కు చెక్కేవాడికి రాదు. 1962 నుంచి పని మానుకునేదాకా నేను మనిషిని చూసి చెక్కిన ప్రతి బ్లాకు అడుగునా ఆ మనిషి పేరు, ఊరు, తేదీ సిరాతో రాశాను. అచ్చు వేసేముందు ప్రూఫు తీసుకెళ్ళి వాళ్ళకు చూపించి, ఇది ఎక్కడ, దేనికి వాడతారో చెప్పాను. కొందరు సరేనన్నారు, కొందరు వద్దన్నారు. వద్దన్నవి వేయలేదు. అలా అడగడానికి ఎప్పుడూ పది నిమిషాల కంటే ఎక్కువ పట్టలేదు.